కెన్యన్ శాండ్ బోవాతో మన ఊరి పామును కలిపి ఒకే పెట్టెలో ఉంచవచ్చా?

పెన్నా ఒడ్డు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మాది నెల్లూరు. మా ఇంట్లో రెండేళ్ల వయసున్న కెన్యన్ శాండ్ బోవా (ఆఫ్రికాకు చెందిన, ఇసుకలో దాగే విషం లేని పాము) ఆడది ఒకటి ఉంది. ఏడాది కిందట ఒక పెద్ద నగరంలోని దుకాణంలో రసీదుతో సహా కొని, కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించాను. పొడవు సుమారు 55 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గాజు తొట్టిలో, అడుగున హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచటి పలక) పరిచి, దాని మీద నాలుగు అంగుళాల మందాన జల్లించిన పెన్నా ఇసుక పోసి ఉంచాను. పది రోజులకొక చిట్టెలుకను తింటుంది, మిగిలిన కాలమంతా అక్షరాలా మన్ను తిన్న పాములాగే ఇసుకలో పడి ఉంటుంది.

అసలు విషయానికి వస్తాను. మొన్న ఆదివారం మా బావమరిది పొదలకూరు దగ్గర తమ నిమ్మతోటలో పాదులు తవ్విస్తుండగా ఒక పాము బయటపడింది. ఒకటిన్నర అడుగు పొడవు, లావైన ఒళ్లు, బూడిద రంగు మీద ముదురు గోధుమ మచ్చలు. కూలీలు కొట్టబోతే ఆపి, "మీ ఇంట్లో ఉన్నది కూడా ఇదే కదా బావా, దానికి తోడుగా ఉంటుంది" అంటూ బకెట్‌లో వేసి, మూత పెట్టి మా ఇంటికి తెచ్చాడు. నిజానికి నేను కూడా ఒక మగపామును కొనాలని కొంతకాలంగా అనుకుంటున్నాను. నాకు పాము అమ్మిన దుకాణదారుడిని ఫోనులో అడిగితే, శాండ్ బోవాలన్నీ ఒకే కుదురువి కాబట్టి కలిపి పెట్టినా ఏమీ కాదని చెప్పాడు. పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు గానీ నాకు మనసు ఒప్పడం లేదు.

ఈ పాములు నిజంగా అంత దగ్గరివేనా, వాటి అవసరాలు ఒకటేనా, కలిపి ఉంచితే ఏమవుతుంది అనేది తెలిసినవారు వివరించగలరు.


ఒంగోలు పొలుసులు:

మీ ప్రశ్నలన్నిటికీ సమాధానం చెబుతాను గానీ, ముందు లేచి వెళ్లి ఆ బకెట్ మూత గట్టిగా బిగిసి ఉందో లేదో చూడండి. మూత మీద ఒక బరువు పెట్టి, ఆ గదికి గడియ వేసి, పిల్లలను అటు వెళ్లనీయకండి. మీరు రాసిన వర్ణనలో బూడిద రంగు, గోధుమ మచ్చలు, లావైన ఒళ్లు మాత్రమే ఉన్నాయి. ఆ మూడు లక్షణాలూ మన ప్రాంతంలో దొరికే గరుకు తోక శాండ్ బోవాకు ఎంత సరిపోతాయో, రక్తపింజరి పిల్లకు కూడా అంతే సరిపోతాయి.

దూరం నుంచి, చేయి పెట్టకుండా, టార్చి వెలుగులో గమనించవలసినవి చెబుతాను. రక్తపింజరి తల త్రికోణంగా, వెడల్పుగా ఉండి మెడ దగ్గర స్పష్టంగా సన్నబడుతుంది. వెన్ను మీద కోలగా ఉండే మచ్చలు మూడు వరుసల్లో, గొలుసు లింకుల్లాగా వరుస తప్పకుండా సాగుతాయి. తోక క్రమంగా సన్నబడుతుంది. కదిలిస్తే ప్రెషర్ కుక్కర్ ఆవిరిలాగా గట్టిగా బుస కొడుతుంది. శాండ్ బోవాకు తల ఎక్కడ ముగిసి మెడ ఎక్కడ మొదలైందో తెలియదు, మచ్చల అంచులు చెదిరిపోయి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, తోక తెగ్గోసినట్టు పొట్టిగా ఉంటుంది. కంటిపాప నిలువుగా ఉందా అని చూసి నిర్ణయించకండి, అది రెండింటికీ నిలువుగానే ఉంటుంది. మా పొలంలో ఎలుకలు పట్టడానికి వచ్చే యానాది పెద్దాయన ఒకరు ఈ రెండింటినీ తోకను బట్టే చెప్పేవారు. తోక మీద పొలుసులు జొన్న కంకిలాగా గరుకుగా ఉంటే భయం లేదని ఆయన మాట. ఆయన చూపు మనకు లేదు కాబట్టి మనం దూరంగానే ఉందాం.

ఇక బంధుత్వం సంగతి. శాండ్ బోవాలన్నీ ఎరిక్స్ అనే ఒకే ప్రజాతికి చెందినవే, అంతవరకు దుకాణదారుడు చెప్పినది అబద్ధం కాదు. ఒకప్పుడు మీ కెన్యన్ పామును, మన గరుకు తోక పామును కలిపి గాంగైలోఫిస్ అనే వేరే ప్రజాతిలో ఉంచేవారు, ఇప్పుడు తిరిగి అన్నిటినీ ఎరిక్స్‌లోనే చేర్చారు. కానీ చుట్టరికం ఉన్నంత మాత్రాన కాపురం కుదరదు. ఆవు, గేదె కూడా చుట్టాలే. ఎండాకాలంలో రెండింటినీ ఒకేలా చూసుకుంటామా?

మీ దగ్గరున్నది ఎరిక్స్ కొలూబ్రైనస్. ఈజిప్టు, సూడాన్ మొదలుకొని కెన్యా, టాంజానియా వరకు ఆఫ్రికా తూర్పు భాగంలోని పొడి నేలల్లో ఉంటుంది. నారింజ లేదా పసుపు రంగు మీద ముదురు గోధుమ మచ్చలు, కింద తెల్లటి పొట్ట, చిన్న శంఖంలా మొన తేలిన గట్టి తోక దీని గుర్తులు. ఆడది 60 నుంచి 80 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, మగది 40 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోవడం మామూలు. మగపామును కొనాలన్న మీ ఆలోచనకు ఆడా మగా పరిమాణంలోని ఈ తేడానే కీలకం.

మన నేలలో దొరికేవి ముఖ్యంగా రెండు. మొదటిది ఎరిక్స్ కోనికస్, నేను పైన గరుకు తోకది అన్నది ఇదే. పాదుల్లోని గుల్లమట్టి, వేరుశనగ చేలలోని ఇసుక నేల దీనికి ఇష్టం. స్వభావం చిరాకుది. చేతిలోకి తీసుకుంటే తల పక్కకు విసిరి చీరినట్టు కరుస్తుంది. విషం లేదు గానీ రక్తం కారుతుంది. రెండవది ఎరిక్స్ జానీ, అంటే మనవాళ్లు రెండు తలల పాము అనేది. ఒళ్లంతా ఒకే ఎరుపు గోధుమ రంగు, నున్నటి చిన్న పొలుసులు, తలలాగే మొద్దుగా ఉండే తోక. బెదిరినప్పుడు తలను చుట్టల కింద దాచి తోకను పైకి చూపిస్తుంది, రెండో తల కథ అక్కడి నుంచే పుట్టింది. మూడింటిలో ఇదే పెద్దది, మీటరు దాటి కూడా పెరుగుతుంది. కరవడం చాలా అరుదు. ఆ సాధుత్వమే దాని పాలిట శాపమైంది. గుప్తనిధులు చూపిస్తుందని, బరువును బట్టి కోట్లు పలుకుతుందని నమ్మించే ముఠాలు రైస్ పుల్లింగ్ చెంబుల సరసన దీన్ని కూడా చేర్చాయి. ఈ పామును శాస్త్రీయంగా మొదట వర్ణించిన ప్యాట్రిక్ రస్సెల్, 1780లలో విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి మన కోస్తా పాములను అధ్యయనం చేసినవాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు కూడా ఆయనదే. మీ బకెట్‌లో ఉన్నది ఏదో తేలని ఈ సమయంలో ఇది గుర్తొచ్చింది.

ఐరోపాలో, అమెరికాలో ఈ మూడింటినీ పెంపకందారులు పెంచుతారు. అక్కడ కూడా మూడింటినీ ఒకే తీరున ఉంచరు. జానీకి పొడవైన పెట్టె కావాలి, ఎలుక బొరియల్లాంటి బిగువైన దాగుడు చోట్లు కావాలి. కోనికస్ శుభ్రం చేసేటప్పుడు కొక్కెం కర్ర తప్పనిసరి. కొలూబ్రైనస్ మిగిలిన రెండింటికంటే తేమకు తక్కువగా ఓర్చుకుంటుంది, అదే మన నెల్లూరులో అసలు చిక్కు. ఇంకో సంగతి, పైకి ఒకేలా కనిపించినా సంతానం విషయంలో కూడా ఈ ప్రజాతిలో తేడాలున్నాయి. ఈ మూడూ పిల్లలను కంటాయి, అరేబియా ఇసుకల్లో ఉండే ఎరిక్స్ జయకరి మాత్రం గుడ్లు పెడుతుంది. ఆ పేరు మస్కట్‌లో పనిచేసిన మన దేశపు వైద్యుడు జయకర్ గారిది.

కాబట్టి తోటలో దొరికిన పామును మీ పెట్టెలో పెట్టకండి. అది ఏ జాతిదైనా సరే, మన దేశపు పాములన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే. ఆ చట్టంలో వేట అనే మాటకు పట్టుకోవడం అనే అర్థం కూడా ఉంది. అటవీ శాఖ రేంజ్ కార్యాలయానికి ఫోను చేసి, ఎక్కడ దొరికిందో కచ్చితంగా చెప్పండి.


పెన్నా ఒడ్డు:

మీ సందేశం చదవగానే చేతులు చల్లబడ్డాయి. నిన్న సాయంత్రం మా చిన్నవాడు ఆ మూత తీసి వేలితో ముట్టుకోబోయాడని ఇప్పుడే తెలిసింది. మా అమ్మగారు, అది నాకితే బొల్లి వస్తుందని కేకలు వేసి ఆపారట. కారణం తప్పే అయినా ఆ కేక ఇంత మేలు చేస్తుందని నేను అనుకోలేదు.

మూత మీద రోలు పెట్టి, అటవీ శాఖవారికి ఫోను చేశాను. గంటన్నరలో ఇద్దరు సిబ్బంది వచ్చారు. వారు చూసి కోనికస్ అనే చెప్పారు, తోక గరుకుగా, తల మెడతో కలిసిపోయి ఉంది. మా బావమరిదిని మందలించి, తోట ఏ సర్వే నంబరులో ఉందో అడిగి రాసుకుని, ఆ పరిసరాల్లోనే విడిచిపెడతామని తీసుకుని వెళ్లారు.

ఇప్పుడు మగపాము ప్రశ్న మిగిలింది. ఇది కెన్యన్ పామే అవుతుంది కాబట్టి జాతి తేడా సమస్య ఉండదు. అప్పుడైనా రెండింటినీ ఒకే తొట్టిలో ఉంచవచ్చా? రెండవది, మీరు తేమ గురించి రాసినది చదివాక తొట్టిలో తేమ కొలిచాను. 78 శాతం చూపించింది. ఇసుక పైకి పొడిగానే ఉంది గానీ వేళ్లు లోపలికి పోనిచ్చి చూస్తే అడుగున చెమ్మగా తగిలింది. పొట్ట కింద రెండు పొలుసులు కొంచెం ఎర్రబడినట్టు కూడా అనిపిస్తోంది.


కావలి పశువైద్యుడు:

నేను పశువైద్యుడిని. నా పని ఎక్కువగా గేదెలతో, గొర్రెలతో గడుస్తుంది. పాములను తీసుకొచ్చేవారు ఏడాదికి నలుగురైదుగురే ఉంటారు గానీ, వారు తెచ్చే జబ్బులు దాదాపు ఒకటే రకం. మీ సందేశంలోని చివరి రెండు వాక్యాలు నాకు ఆందోళన కలిగించాయి.

ఎరుపు రెండు కారణాల వల్ల రావచ్చు. ఒకటి, చెమ్మ పట్టిన అడుగు మీద రోజుల తరబడి పడుకోవడం వల్ల పొలుసుల కింద చర్మం మెత్తబడి బాక్టీరియా చేరడం. రెండవది, కాలడం. మీరు హీట్ మ్యాట్ మీద నాలుగు అంగుళాల ఇసుక పోశారు, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ సంగతి ఎక్కడా చెప్పలేదు. నేల మీద తిరిగే పాములకూ ఈ పాముకూ ఉన్న ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. ఇది వేడి కోసం పైకి రాదు, కిందికి తవ్వుకుంటూ పోయి సరాసరి గాజు మీద, అంటే మ్యాట్ మీదనే పొట్ట ఆనించి పడుకుంటుంది. ఇసుక పైన 32 డిగ్రీలు చూపించే తొట్టిలో అడుగు గాజు 45 దాటి ఉండటం నేను స్వయంగా కొలిచి చూశాను. పాముకు వెచ్చదనం తెలుస్తుంది గానీ, పొట్ట కాలుతున్నదని వెంటనే తప్పుకునే తెలివి ఆ విషయంలో దానికి తక్కువ. ఈ రాత్రికి మ్యాట్ తీసివేసి, ఇసుకంతా ఎత్తివేసి, తెల్ల కాగితం పరిచి ఉంచండి. ఎరుపు రెండు రోజుల్లో తగ్గకపోయినా, పొక్కులు లేచినా ఆలస్యం చేయకుండా పామును చూపించండి. ఇంట్లో ఉన్న పసుపు, కొబ్బరినూనె పూయవద్దు.

అడవి పామును మీ పాముతో కలపకపోవడం ఎంత మంచిదైందో వైద్యం వైపు నుంచి కూడా చెబుతాను. బయటి పాముల పొలుసుల సందుల్లో చిన్న నల్ల మైట్లు, గోమార్లు ఉంటాయి, పేగుల్లో పురుగులు ఉంటాయి. అవి తన నేలలో తిరిగే పామును పెద్దగా బాధించకపోవచ్చు, పెట్టెలో బంధించిన పాము మీద మాత్రం వారాల్లోనే వందలుగా పెరుగుతాయి. అంతకంటే పెద్ద భయం ఇన్‌క్లూజన్ బాడీ జబ్బు. బోవాలకు, కొండచిలువలకు వచ్చే ఈ జబ్బుకు ఎరీనా వైరస్‌లు కారణమని 2012లో తేలింది. చికిత్స లేదు. చూడటానికి ఆరోగ్యంగా ఉన్న బోవా కూడా దాన్ని మోస్తూ ఉండగలదు. అందువల్ల మగపామును దుకాణం నుంచి తెచ్చినా సరే, వేరే గదిలో, వేరే నీటి గిన్నెతో, వేరే పట్టకారుతో కనీసం 90 రోజులు విడిగా ఉంచాలి. రోజూ ముందు పాత పామును చూసుకుని, తరువాతే కొత్తదాని దగ్గరికి వెళ్లాలి.

ఎలుకల గురించి ఒక మాట. ఇంట్లో బోనులో పడిన ఎలుకను పాముకు వేసేవారు ఉన్నారు. పక్కింటివారు పెట్టిన ఎలుకల మందు ఆ ఎలుక కడుపులో ఉందో లేదో మనకు తెలియదు. పెంపకపు ఎలుకలను చంపి గడ్డకట్టించినవి తెచ్చుకుని, గోరువెచ్చని నీటిలో కరిగించి, తుడిచి పెట్టండి.


కనిగిరి మెట్ట:

డాక్టర్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, పెట్టె విషయం నేను రాస్తాను. ఎనిమిదేళ్లుగా కెన్యన్ పాములను ఉంచుతున్నాను. మొదటి మూడేళ్లు నెల్లూరులో అద్దె ఇంట్లో, తరువాత కనిగిరిలో. ఒకే పాములను రెండు చోట్ల ఉంచినందువల్ల తెలిసిన సంగతులు ఇవి.

ఈ పాముల గురించి దొరికే సూచనలన్నీ చలి దేశాలవారు రాసినవి. వారి బాధంతా వేడి ఎలా పుట్టించాలన్నదే. మన బాధ అది కాదు. నెల్లూరులో రోహిణి కార్తెలో బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు డాబా ఇంటి గదిలో 37 ఉంటుంది, అప్పుడు మ్యాట్ ఎందుకు? పెట్టెలో ఒక కొన 32 నుంచి 34 వరకు, రెండో కొన 25 నుంచి 28 వరకు ఉండాలి. వేసవిలో వెచ్చని కొన దానంతట అదే వస్తుంది, మనం కష్టపడి సంపాదించవలసింది చల్లని కొనను. నేను ఏప్రిల్ నుంచి జూన్ దాకా మ్యాట్ ప్లగ్గు తీసివేసి, పెట్టెను కింది అంతస్తులో, పడమటి ఎండ తగలని గదిలో, నేల బండ మీద ఉంచేవాడిని. మరీ వేడిగా ఉన్న మధ్యాహ్నాల్లో గడ్డకట్టిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పెట్టెకు ఒక పక్క, బయటి వైపు ఆనించేవాడిని. ఎయిర్ కూలర్ మాత్రం పెట్టకండి. అది గదిని చల్లబరుస్తూ తేమను నింపుతుంది, ఈ పాముకు సరిగ్గా అదే పడదు.

తేమ విషయంలో నెల్లూరుకు ఇంకో ప్రత్యేకత ఉంది. రాష్ట్రంలో చాలా జిల్లాలకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలైతే, మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. వాయుగుండం పట్టిన వారం రోజులు గోడలే చెమర్చుతాయి. ఈ పాముకు 30 నుంచి 50 శాతం తేమ చాలు. గాజు తొట్టికి పైన మాత్రమే జాలీ ఉంటే ఆ చెమ్మ కిందనే నిలిచిపోతుంది, మీ 78 శాతానికి కారణం అదే అయి ఉంటుంది. నీటి గిన్నె కూడా చూడండి. అది పెద్దదిగా ఉండి హీట్ మ్యాట్ వైపు ఉంటే ఇరవై నాలుగు గంటలూ ఆవిరి పడుతున్నట్టే లెక్క. చిన్న గిన్నె, చల్లని కొనలో, సగం నింపితే చాలు. పక్కలకు రెండు వైపులా గాలి రంధ్రాలు ఉన్న పెట్టెలోకి మారండి. నేను ప్లైవుడ్‌తో, ముందు జరిపే గాజు తలుపులతో ఇక్కడి వడ్రంగి చేత చేయించుకున్నాను. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 40 ఎత్తు. ఎదిగిన ఆడపాముకు ఆ మాత్రం నేల ఉండాలి, మీ 60 సెంటీమీటర్ల తొట్టి ఎదిగిన మగదానికి సరిపోతుంది. తలుపుల మధ్య అర సెంటీమీటరు సందు ఉన్నా ముక్కు దూర్చి తోస్తుంది కాబట్టి తాళం బిగించండి.

కనిగిరిలో వాతావరణం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఇక్కడి పొడిగాలిలో తేమ సమస్యే లేదు గానీ, మొదటి వేసవిలో నా ఆడపాముకు కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి తోక కొన దగ్గర బిగుసుకుపోయింది. కుబుసం విడిచే వారం మాత్రం మూతకు రంధ్రం చేసిన చిన్న డబ్బాలో తడిపి పిండిన కొబ్బరి పొట్టు పెట్టి ఒక మూల ఉంచితే, తనకు కావాలన్నప్పుడు లోపలికి పోయి వస్తుంది. నెల్లూరులో మీకు ఆ డబ్బా అవసరం ఉండకపోవచ్చు.

ఇసుక విషయంలో డాక్టర్ గారితో నాకు కొంచెం తేడా ఉంది. నదీ ఇసుక ఒక్కటే పోస్తే సమస్యే. సన్నగా ఉండి ఎలుక తడి ఒంటికి అంటుకుని పాము కడుపులోకి పోతుంది. దానిలో మూడో వంతు జల్లించిన ఎర్రమట్టి కలిపి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, మూడు అంగుళాలు మించకుండా పోస్తే తవ్విన దారి కూలకుండా నిలుస్తుంది, పాము కూడా చురుకుగా ఉంటుంది. తిండి మాత్రం పింగాణీ పళ్లెంలో పెట్టి అందించాలి. ఇక్కడ దొరికేవాటిలో వరి ఊక వాడి చూశాను, పదునుగా ఉండి దుమ్ము రేగుతుంది, వారంలో తీసివేశాను. టేకు, దేవదారు రంపపు పొట్టు అసలు వద్దు, వాటి నూనెల వాసన పాము ఊపిరితిత్తులకు మంచిది కాదు. థర్మోస్టాట్ తీగ కొనను ఇసుక పైన కాకుండా అడుగున, మ్యాట్ ఉన్న చోట గాజు మీదనే అతికించి 33 దగ్గర ఉంచండి. పాము ఆనేది అక్కడే కదా.

ఇక మగపాము. రెండూ ఒకే జాతివైనా విడిగానే ఉంచాలి. పెట్టెలో రెండు పాములు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని పడుకుంటే తోడు దొరికిందని మనం మురిసిపోతాము. అక్కడ ఉన్నది ఒకే వెచ్చని మూల, దాని కోసం రెండూ చేరాయి, అంతే. తిండి వేళ రెండూ ఒకే ఎలుకను చెరో వైపు పట్టుకున్నాయనుకోండి, 80 సెంటీమీటర్ల ఆడది వదలదు, దాని చుట్టల్లో 40 సెంటీమీటర్ల మగది నలిగిపోతుంది. ఒకటి వాంతి చేసినా, పలుచగా విసర్జించినా ఏది జబ్బుపడిందో కూడా తెలియదు. పిల్లల కోసమైతే ఆడది మూడేళ్లు నిండి మంచి ఒంటితో ఉన్నప్పుడు, చలికాలం పోయాక కొన్ని రోజులు మాత్రం మగదాన్ని ఆడదాని పెట్టెలో వదిలి మళ్లీ విడదీస్తారు. ఆ రోజుల్లో మగది తిండి మానేస్తుంది, కంగారు పడనక్కరలేదు.


ఒంగోలు పొలుసులు:

మిత్రులు వివరంగా రాశారు కాబట్టి నేను పెట్టె జోలికి పోను. కాగితాల గురించి ఒకటి చెప్పాలి. కెన్యన్ శాండ్ బోవా సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండవ అనుబంధంలో ఉన్న జాతి. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు ఇటువంటి విదేశీ జాతుల కోసం వేరే అధ్యాయం చేర్చారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నమోదు నియమాలు 2024 ఫిబ్రవరి 28న వెలువడ్డాయి. వాటి ప్రకారం పాత పాములకు ఆరు నెలల గడువు ఇచ్చారు. ఇప్పుడు కొత్తగా చేతికి వచ్చినదాన్ని 30 రోజుల్లోపు పరివేష్‌లో తెలియజేయాలి. అమ్మినా, ఇచ్చినా, చనిపోయినా, పిల్లలు పుట్టినా అది కూడా తెలపాలి. ఈ పాము ఒక కాన్పుకు పది, పదిహేను పిల్లలను కనగలదు. అన్నిటికీ విడివిడి డబ్బాలు, విడివిడి తిండి, ఒక్కొక్కదానికి కాగితం. జత కట్టించాలన్న ఉత్సాహం వచ్చినప్పుడు నేను ఒకసారి ఆ డబ్బాలను గోడ వెంట మనసులో పేర్చి చూసుకుంటాను.

రసీదు ఇవ్వనని, లేదా "పెట్టుకోండి, ఎవరూ అడగరు" అని చెప్పే అమ్మకందారు దగ్గర మాత్రం కొనవద్దు. రెడ్ శాండ్ బోవా, అంటే నేను పైన చెప్పిన రెండు తలల పాము పిల్లలు నారింజ రంగులో నల్లటి పట్టీలతో ఉంటాయి. వాటిని కెన్యన్ పిల్లలని చెప్పి అంటగట్టడానికి వీలుంది. తోక మొన తేలి ఉందా, మొద్దుగా ఉందా అనేది కొనే ముందే చూసుకోవాలి.


పెన్నా ఒడ్డు:

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, పెట్టె పనిలో పడ్డాను. డాక్టర్ గారు చెప్పినట్టు ఆ రాత్రే ఇసుక ఎత్తివేసి అడుగు గాజును కొలిస్తే 43 డిగ్రీలు వచ్చింది. పైన అమర్చిన థర్మామీటరు అదే సమయంలో 31 చూపిస్తోంది. పామును మరునాడే చూపించాను. తేలికపాటి కాలిన గాయమని, పొక్కు లేదని చెప్పి లేపనం ఇచ్చారు. పది రోజులు కాగితం మీదనే ఉంచాను. ఎరుపు తగ్గింది, నిన్న రాత్రి కుబుసం కూడా తల నుంచి తోక దాకా ఒక్క ముక్కగా విడిచింది.

90 సెంటీమీటర్ల ప్లైవుడ్ పెట్టె మా వీధి వడ్రంగి చేత చేయించాను. ఏం దాస్తారని ఆయన మూడుసార్లు అడిగాడు, పాము అని చెబితే డబ్బులు ముందుగానే తీసుకున్నాడు. పక్కలకు రంధ్రాలు వేయించాక తేమ 52కు దిగింది. ఇసుక, ఎర్రమట్టి కలిపి మూడు అంగుళాలు పోశాను. కనిగిరి మిత్రులు చెప్పిన పాళ్లలో కలిపితే మొదటిసారి దాని బొరియ నోరు కూలకుండా నిలిచింది, రాత్రిపూట అందులోంచి ముక్కు కొన మాత్రం బయటపెట్టి ఉంటోంది. మ్యాట్ ఉన్న చోట అడుగున 33, అవతలి మూల 28.

మగపామును ఇప్పట్లో కొనడం లేదు. పాత గాజు తొట్టికి పక్క గాలి ఏర్పాటు చేసి, ఖాళీగానే నడిపి చూస్తున్నాను. వచ్చే వాయుగుండానికి అందులో తేమ ఎంత దాకా పోతుందో కొలిచాక ఆలోచిస్తాను. మా బావమరిది నిన్న ఫోను చేసి, తోటలో ఇంకొకటి కనిపించిందని, ఈసారి పాదు తవ్వకం ఆపి దాని దారిన దాన్ని పోనిచ్చానని చెప్పాడు. అది తొలుత దొరికినదే అయి ఉంటుందని మా చిన్నవాడి వాదన.